రోగి రాడు, మనమే వెళ్లాలి

(జూలై 28, ప్రపంచ హెపటైటిస్ దినం నాడు ఒక జిల్లా కేంద్రంలో ఆశా కార్యకర్తలు, నర్సింగ్ విద్యార్థినులు, పట్టణవాసులు హాజరైన సభలో ఒక విశ్రాంత ప్రభుత్వ వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో ఆశా అక్కచెల్లెళ్లు కనిపిస్తున్నారు. తెల్లవారుజామునే ఇంటి పనులు ముగించుకుని, రెండు బస్సులు మారి వచ్చినవాళ్లు మీలో చాలామంది ఉంటారు. నేను ఈ రోజు చెప్పే మాటల్లో ఎక్కువ భాగం మీ కోసమే. నర్సింగ్ చదువుతున్న అమ్మాయిలు, పట్టణ పెద్దలు కూడా వినండి. మీకూ ఇందులో పని ఉంది.

ఒక మనిషి గురించి చెప్పి మొదలుపెడతాను. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒక తాపీమేస్త్రి నా దగ్గరికి వచ్చాడు. నలభై ఏళ్లు కూడా లేవు. కాళ్లు వాచి ఉన్నాయి. పొట్టలో నీరు చేరి, చర్మం బిగుసుకుపోయి మెరుస్తోంది. మందు తాగుతావా అని అడిగాను. లేదన్నాడు. పక్కన నిలబడ్డ భార్య కళ్లనీళ్లు పెట్టుకుని, "లేదు సార్, ఒట్టు. ఊళ్లో ఎవరూ నమ్మడం లేదు" అంది. పొట్ట ఉబ్బితే తాగుబోతు అని తీర్పు చెప్పేయడం మనకు ఎంత అలవాటో! జబ్బు ఒక బాధ అయితే ఆ మాట ఇంకో బాధ. పరీక్షలు చేయించాం. హెపటైటిస్-సి అని తేలింది. రక్తం ద్వారా సోకి కాలేయాన్ని దెబ్బతీసే వైరస్ జబ్బు. అప్పటికే కాలేయం రాయిలా గట్టిపడింది.

తరవాత నెమ్మదిగా అసలు సంగతి చెప్పాడు. నాలుగేళ్ల కిందట తన అభిమాన హీరో పుట్టినరోజున రక్తదాన శిబిరం పెడితే వెళ్లి రక్తం ఇచ్చాడు. పది రోజుల తరవాత బ్లడ్ బ్యాంకు నుంచి ఫోను వచ్చింది, ఒకసారి వచ్చి కలవమని. ఎందుకో వాళ్లు ఫోనులో చెప్పలేదు, చెప్పకూడదు కూడా. ఇతను ఎయిడ్స్ అయి ఉంటుందని భయపడ్డాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ నంబరు నుంచి మళ్లీ ఫోను వస్తే ఎత్తలేదు. నాలుగేళ్లు ఆ భయాన్ని కడుపులో పెట్టుకుని గోడలు కట్టుకుంటూ తిరిగాడు. ఆ రోజే వెళ్లి ఉంటే పన్నెండు వారాల మాత్రలతో పోయే జబ్బు అది. ఆ మేస్త్రి దక్కలేదు. ప్రభుత్వం దగ్గర మందు లేక కాదు. మందు ఉంది. ఉన్నదని అతనికి తెలియదు, అతను ఉన్నాడని మాకు తెలియదు.

ఈ జబ్బు స్వభావమే అది. మన ఊళ్లలో కాలేయం అనగానే గుర్తొచ్చేది పచ్చకామెర్లు. కళ్లు పచ్చబడితే పసరు మందు వేయిస్తారు, కొందరు చేతి మీద వాత కూడా పెట్టిస్తారు. కళ్లు పచ్చబడలేదంటే కాలేయం బాగున్నట్టే అనుకుంటారు. హెపటైటిస్-సి వైరస్ సోకినవాళ్లలో నూటికి ఎనభై మందికి మొదట్లో ఏ లక్షణమూ ఉండదు. కొందరిలో ఆరు నెలల లోపు అదే పోతుంది. ఎక్కువ మందిలో మాత్రం తిష్ట వేస్తుంది. ఇరవై ఏళ్లయినా చప్పుడు చేయదు. అలా తిష్ట వేసిన వాళ్లలో నూటికి పదిహేను నుంచి ముప్పై మందికి ఇరవై ఏళ్లలో కాలేయం గట్టిపడుతుంది. కొందరికి కాలేయ క్యాన్సర్ కూడా వస్తుంది. కాబట్టి ఒంట్లో బాగాలేక రోగి ఆసుపత్రికి వస్తాడులే అని మనం కూర్చుంటే, అతను వచ్చేసరికి పొద్దు గుంకిపోయి ఉంటుంది.

అసలు ఈ వైరస్‌కు 1989 దాకా పేరే లేదు. రక్తం ఎక్కించుకున్నవాళ్లకు హెపటైటిస్ వస్తోంది, పరీక్షిస్తే ఏ కాదు, బీ కాదు. అందుకే వైద్యులు దాన్ని 'ఏ కాని, బీ కాని' జబ్బు అని పిలిచేవారు. ఆ వైరస్ గుట్టు విప్పిన హార్వీ ఆల్టర్, మైఖేల్ హౌటన్, చార్లెస్ రైస్‌లకు 2020లో నోబెల్ బహుమతి ఇచ్చారు. మన దేశంలో దానమిచ్చిన ప్రతి రక్తం సంచినీ ఈ వైరస్ కోసం పరీక్షించడం 2001 నుంచి తప్పనిసరి అయింది. అందుకే నేను ప్రతి పెద్దవయసు మనిషినీ ఒక ప్రశ్న అడుగుతాను. 2001కి ముందు మీకు ఎప్పుడైనా రక్తం ఎక్కించారా? కాన్పులోనో, గర్భసంచి ఆపరేషన్‌లోనో, లారీ ప్రమాదంలోనో? అక్కల్లారా, మీరు ఇళ్లకు వెళ్లినప్పుడు ఈ ప్రశ్న తప్పక అడగండి. జవాబు అవునైతే ఆ మనిషికి ఒక రక్తపరీక్ష బాకీ ఉన్నట్టు.

రక్తం ద్వారా వచ్చే జబ్బు ఎలా పాకుతుందో, ప్రభుత్వాలు దాన్ని ఎలా అడ్డుకోగలవో తెలుసుకోవాలంటే ఈజిప్టు కథ వినాలి. నా దృష్టిలో ప్రపంచ ప్రజారోగ్య చరిత్రలో ఇంత బాధ పెట్టే కథ లేదు, ఇంత ధైర్యమిచ్చే కథా లేదు.

నైలు నది కాలువల్లో బిల్హార్జియా అనే పురుగు జబ్బు ఫరోల కాలం నుంచీ ఉంది. నత్తల్లో పెరిగిన పురుగు, నీళ్లలో దిగి పనిచేసే రైతు చర్మంలోంచి ఒంట్లోకి దూరుతుంది. ఈజిప్టు జనం గుండెల్లో పెట్టుకున్న గాయకుడు అబ్దెల్ హలీమ్ హాఫెజ్ పల్లెటూరి పిల్లవాడు. చిన్నప్పుడు పట్టుకున్న ఈ జబ్బే కాలేయాన్ని తినేసి 1977లో, 47 ఏళ్లకే ఆయన్ని పొట్టనపెట్టుకుంది. అలాంటి జబ్బును తరిమేయాలని అక్కడి ప్రభుత్వం 1950ల నుంచి 1980ల దాకా ఊరూరా ఇంజెక్షన్లు వేయించింది. ఆంటిమొనీ మందు, నరంలోకి ఎక్కించాలి, ఒక్కొక్కరికి ఒకటి రెండు కాదు, పదికి పైగా సూదులు. అప్పటివన్నీ గాజు సిరంజిలే. జనం బారులు తీరి నిలబడేవారు. సరిగా మరగని సిరంజి ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి వెళ్లేది. ఆ రక్తపు చుక్కల్లో ఒక వైరస్ ఉందని ఎవరికీ తెలియదు. ఎవరూ చెడ్డ బుద్ధితో చేయలేదు. వైద్యులు, నర్సులు ఎండలో పల్లెలు తిరిగి ప్రాణాలు నిలపాలనే చేశారు. ఆ సూదే ఒక తరం మొత్తానికి హెపటైటిస్-సి పంచింది. 2008 నాటి జాతీయ సర్వేలో 15 నుంచి 59 ఏళ్ల వాళ్లలో 14.7 శాతం మంది రక్తంలో ఆ వైరస్ జాడలు కనిపించాయి. ఏడుగురిలో ఒకరు! ప్రపంచంలో ఏ దేశంలోనూ అంత లేదు. ఆ సూదులే జబ్బును పంచాయని బయటపెట్టిన పరిశోధన అంతకు ముందే, 2000లో, లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అందులో ఈజిప్టు వైద్యులూ భాగస్వాములే. మనవాళ్ల వల్ల జరిగిన పొరపాటు కదా, ఎందుకు తవ్వడం అని వాళ్లు ఊరుకోలేదు. అందుకు వాళ్లకు చేతులెత్తి దండం పెట్టాలి.

ఇక మందు సంగతి. పాత వైద్యం ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు. వారం వారం సూది, ఆరు నెలల నుంచి ఏడాది దాకా. చలి జ్వరం, జుట్టు రాలడం, మనసు కుంగిపోవడం. ఇంతా చేస్తే ఇద్దరిలో ఒకరికి తగ్గేది. నేను చేతులారా వేశాను ఆ సూదులు. రోగులు మధ్యలోనే మానేసి వెళ్లిపోతుంటే ఆపలేకపోయేవాణ్ణి. 2013 చివర్లో సోఫోస్‌బువిర్ అనే మాత్ర వచ్చింది. దాన్ని తోడు మాత్రతో కలిపి పన్నెండు వారాలు మింగితే నూటికి తొంభై అయిదు మందికి జబ్బు పూర్తిగా పోతుంది. తగ్గుముఖం పట్టడం కాదు, పోవడం! కానీ అమెరికాలో ఆ పన్నెండు వారాల మాత్రల ధర 84,000 డాలర్లు. ఒక్క మాత్ర వెయ్యి డాలర్లు. ఈజిప్టు ప్రభుత్వం కంపెనీతో పట్టుబట్టి బేరమాడి 2014లో అదే కోర్సును 900 డాలర్లకు సాధించింది. తరవాత స్వదేశంలోనే తయారు చేయించి వంద డాలర్ల లోపుకు దించింది. ఆ ధరలు దిగిరావడంలో మన హైదరాబాద్ పాత్ర కూడా ఉందని చెప్పుకోవడం నాకు సంతోషం. సోఫోస్‌బువిర్ జెనరిక్ తయారీకి 2014లో లైసెన్సులు పొందిన తొలి భారతీయ కంపెనీల్లో హైదరాబాద్‌కు చెందిన హెటెరో ఉంది. 2015 మార్చిలో హైదరాబాద్‌దే అయిన నాట్కో ఆ మందును మన దేశ మార్కెట్లోకి తెచ్చింది.

మళ్లీ ఈజిప్టుకు వద్దాం. మందు వచ్చింది, ధర దిగింది, ప్రభుత్వం ఉచితంగా ఇస్తానంది. పేర్లు నమోదు చేసుకోమని వెబ్‌సైటు పెడితే లక్షల మంది ఎగబడ్డారు. 2016 మధ్యకల్లా ఆ వరస అంతా ఖాళీ అయిపోయింది. ఇక్కడ ఆగి ఆలోచించండి. వరస ఖాళీ అయిందంటే జబ్బు అయిపోయిందని కాదు. జబ్బు ఉందని తెలిసినవాళ్లు మాత్రమే అయిపోయారు. తెలియనివాళ్లు పొలాల్లో, ఫ్యాక్టరీల్లో, వంటిళ్లలో ఉన్నారు. మా మేస్త్రి లాంటివాళ్లు. చాలా ప్రభుత్వాలు ఈ దశలో ఆసుపత్రి తలుపు తెరిచి ఉంచాం, పోస్టర్లు అంటించాం, రాకపోతే మేమేం చేస్తాం అంటాయి. ఈజిప్టు అలా అనలేదు.

2018 అక్టోబరులో 'పది కోట్ల ఆరోగ్యాలు' అనే పేరుతో దేశంలోని పెద్దవాళ్లందరినీ పరీక్షించే పని మొదలైంది. ఏడు నెలలు, మూడు విడతలు. మసీదుల ముందు, చర్చిల ముందు, రైల్వేస్టేషన్లలో, కార్ఖానాల గేట్ల దగ్గర బల్లలు వేశారు. గుర్తింపు కార్డు చూపిస్తే చాలు, వేలు మీద చిన్న పోటు, కాసేపట్లో ఫలితం. నాకు అన్నిటికన్నా నచ్చిన తెలివి ఏమిటంటే, వాళ్లు హెపటైటిస్ ఒక్కదాన్నే పరీక్షించలేదు. బీపీ, షుగర్, బరువు కూడా చూశారు. బల్ల దగ్గరికి వెళ్లిన మనిషిని చూసి ఎందుకు వెళ్లాడో అని పక్కవాడు గుసగుసలాడే వీలు లేదు. బీపీ చూపించుకోవడానికి వెళ్లాడంతే! సిగ్గు అడ్డం రాకుండా దారి వేశారు. ఆ ఏడు నెలల్లో 4 కోట్ల 96 లక్షల మంది వేలు చాపారు. దాదాపు 22 లక్షల మందికి వైరస్ జాడ కనిపించింది. వాళ్లను దగ్గరలోని కేంద్రానికి పంపి, జబ్బు ఖాయమైతే ఉచితంగా మాత్రలిచ్చారు. ఒక రోగిని వెతికి పట్టుకుని పూర్తిగా నయం చేయడానికి అయిన ఖర్చు మొత్తం కలిపి సుమారు 130 డాలర్లు. 2023 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈజిప్టును నిర్మూలన దారిలో బంగారు స్థాయి అందుకున్న తొలి దేశంగా గుర్తించింది. సూదితో జబ్బు పంచిన దేశమే జనం ఉన్నచోటికే వెళ్లి దాన్ని ఏరిపారేసింది.

మన దేశానికి వద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022లో భారతదేశంలో 55 లక్షల మంది హెపటైటిస్-సితో ఉన్నారు. హెపటైటిస్-బి అయితే 3 కోట్లకు దగ్గర. అన్నిటికన్నా ముందు కదిలింది పంజాబ్. అక్కడ జబ్బు ఎక్కువ. 2016లో ముఖ్యమంత్రి సహాయ నిధి పేరుతో జిల్లా ఆసుపత్రుల్లోనే ఉచిత వైద్యం మొదలుపెట్టారు. కాలేయ నిపుణుడు కావాలని పట్టుబట్టలేదు. చండీగఢ్ పీజీఐ వైద్యులు జిల్లా ఆసుపత్రుల మామూలు డాక్టర్లకే శిక్షణ ఇచ్చి, కష్టమైన కేసుల్లో వీడియోలో సలహా చెప్పారు. మొదటి రెండేళ్లలో 48,000 మందికి పైగా చికిత్స జరిగింది, తొంభై ఒక్క శాతానికి పైగా నయమైంది. పెద్ద నగరాల పెద్ద ఆసుపత్రులకే ఈ వైద్యం సాధ్యం అనే అపోహ దాంతో తీరిపోయింది. 2018 జూలై 28న కేంద్రం జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. మన రెండు రాష్ట్రాల్లోనూ అది అమలవుతోంది. పరీక్ష ఉచితం, రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే వైరల్ లోడ్ ఉచితం, మాత్రలు ఉచితం. ఈ మూడు మాటలూ మీ ఊళ్లో ఎంతమందికి తెలుసు? రేపు పది ఇళ్లలో అడిగి చూడండి.

పోస్టర్ల గురించి నా మనసులో మాట చెబుతాను. ప్రభుత్వ పోస్టర్ మీద కాలేయం బొమ్మ, పక్కన పెద్ద అక్షరాలతో 'అప్రమత్తంగా ఉండండి' అని ఉంటుంది. దేని విషయంలో అప్రమత్తంగా ఉండాలి? ఎక్కడికి వెళ్లాలి? ఏ గది, ఏ రోజు, ఎవరిని అడగాలి? అది రాయాలి. అవగాహన అంటే భయపెట్టడం కాదు, దారి చూపడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో అమితాబ్ బచ్చన్ గారిని మన ఆగ్నేయాసియా ప్రాంతానికి హెపటైటిస్ రాయబారిగా పెట్టింది. 1982లో షూటింగ్‌లో గాయపడ్డప్పుడు ఎక్కించిన రక్తం ద్వారా ఆయనకు హెపటైటిస్-బి సోకింది. ఏళ్ల తరవాత వేరే పరీక్షల్లో బయటపడేసరికి కాలేయంలో ముప్పావు వంతు పోయిందని ఆయనే బహిరంగంగా చెప్పారు. ఆయన జబ్బు బి, మనం మాట్లాడుకుంటున్నది సి, కానీ అంత పెద్ద మనిషి నాకు ఈ జబ్బు ఉంది అని నోరు విప్పడం నూరు పోస్టర్ల పెట్టు. మన ఊళ్లో నయమైన ఒక్క మనిషి నలుగురి ముందు నోరు విప్పితే అది అంతకన్నా గొప్ప. అలాంటివాళ్లు ఒప్పుకుంటే మీ సమావేశాలకు తీసుకురండి. ఒప్పుకోకపోతే బలవంతం చేయవద్దు, పేరు బయటపెట్టవద్దు.

ఇక సూది. జ్వరం వస్తే సూది వేస్తే గానీ తగ్గదనే నమ్మకం మనలో ఎంత లోతుగా ఉందో నాకు తెలుసు. డాక్టరు మాత్ర రాసిస్తే, సూది వేయని డాక్టరేం డాక్టరు అని ఆర్‌ఎంపీ దగ్గరికి వెళతారు. ఆయన కూడా పొమ్మనలేడు, బతుకుదెరువు. మాత్రతో తగ్గే జ్వరానికి సూది అడగకండి. తప్పని చోట, కొత్త సిరంజి కవరు మీ కళ్ల ముందే చించమని అడగండి. అలా అడగడం అవమానించడం కాదు. సిరంజి కొత్తదే అయినా, వాడిన సూదిని మళ్లీ మందు సీసాలో ముంచితే ఆ సీసా మొత్తం పాడైనట్టే. షుగర్ పరీక్ష శిబిరాల్లో వేలు గుచ్చే ముల్లు మనిషికొకటి మార్చాలి. జాతరల్లో ఒకే సూదితో వరసగా పచ్చబొట్లు పొడుస్తుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఇదేదో మనకు అలవాటు లేని శుభ్రత కాదు. తిరుమల కళ్యాణకట్టలో మనిషికో కొత్త బ్లేడు ఇస్తే మనం ఎంత సహజంగా తీసుకుంటాం! ఊళ్లో క్షౌరశాలలో కూడా అంతే సహజంగా అడగాలి.

ఇంట్లో ఇన్సులిన్ వేసుకునేవాళ్లు సూదుల్ని చెత్తలో పారేయకండి. పొద్దున్నే ఆ చెత్త సంచి ఎత్తే పారిశుద్ధ్య కార్మికురాలి చేతికి అది గుచ్చుకుంటుంది. గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూత బిగించి ఆసుపత్రిలో ఇవ్వండి. డయాలిసిస్ చేయించుకునేవాళ్లకు ఈ ముప్పు ఇంకా ఎక్కువ, వారానికి రెండు మూడు సార్లు ఒంట్లో రక్తమంతా యంత్రంలోకి వెళ్లి వస్తుంది. శ్రీకాకుళం ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో ఎంతమంది ఆ మంచాల మీద ఉన్నారో మీకు తెలుసు. తెలంగాణ ప్రభుత్వం డయాలిసిస్‌లో ఒక్కసారి వాడి పారేసే ఫిల్టర్లు తెచ్చింది. అది చాలా మంచి అడుగు. ప్రతి కేంద్రంలో ప్రతి రోగికీ క్రమం తప్పకుండా ఈ పరీక్ష జరుగుతోందా అని అడిగే హక్కు రోగి కుటుంబానికి ఉంది.

గల్ఫ్ సంగతి కూడా చెప్పాలి. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ కుర్రవాళ్లు చాలామందికి ఈ జబ్బు పేరు మొదట వినబడేది గల్ఫ్ మెడికల్‌లోనే. అప్పటికే ఏజెంటుకు అప్పు చేసి డబ్బు కట్టి ఉంటారు. అన్‌ఫిట్ అన్న ఒక్క ముక్కతో ఇంటికి పంపేస్తారు. ఆ కుర్రవాడికి వీసా పోయిన దుఃఖమే కనబడుతుంది. ఆ కాగితం తన ప్రాణాన్ని కాపాడగలదని ఎవరూ చెప్పరు. అతన్ని మీరు చెప్పి తీసుకురావాలి. ఇంకో విషయం గుర్తుపెట్టుకోండి. మొదటి పరీక్షలో కనిపించేది వైరస్ కాదు, వైరస్ ఎప్పుడో ఒంట్లోకి వచ్చిందని చెప్పే అడుగుజాడ. జబ్బు ఇప్పుడు ఉందా లేదా అన్నది రెండో పరీక్ష, వైరల్ లోడ్ చెబుతుంది. నయమైనవాడి రక్తంలో కూడా ఆ అడుగుజాడ ఏళ్ల తరబడి ఉంటుంది. అందుకని మొదటి పరీక్ష చూసి ఎవరి మీదా ముద్ర వేయకండి.

హెపటైటిస్-సికి టీకా లేదు. బికి ఉంది, పుట్టిన ఇరవై నాలుగు గంటల్లో పసిబిడ్డకు వేయించాలి. సికి టీకా లేదు కాబట్టే, ఒక్కో రోగినీ నయం చేయడమే ఇంకొకరికి అంటకుండా ఆపడం. ఒకే కంచంలో తింటే రాదు. కౌగిలించుకుంటే రాదు. దోమ కుడితే రాదు. బిడ్డకు పాలివ్వడం వల్ల రాదు, చనుమొనలు చిట్లి రక్తం కారుతుంటే మాత్రం మానేవరకు ఆగాలి. జబ్బు ఉన్నవాళ్లకు గ్లాసు వేరు పెట్టే ఇళ్లు నేను చూశాను. ఆ గ్లాసు కలిపేయండి. రేజరు, టూత్‌బ్రష్ మాత్రం ఎవరిది వారే వాడుకోవాలి.

ఈ హాలు బయట, టీ ఇస్తున్న చోటే రెండు బల్లలు వేయించాం. ఒకటి బీపీ, షుగర్‌కు. రెండోది హెపటైటిస్ బి, సి పరీక్షకు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి, కావాలనే అలా పెట్టాం. నేను దిగగానే ముందు నా వేలు ఇస్తాను. అక్కల్లారా, మీరు వేల ఇళ్లకు వెళ్లారు, ఎన్ని సూదిపోట్లు తగిలాయో మీకే తెలియదు, మీరు తప్పకుండా చేయించుకోండి. అక్కడ ల్యాబ్ టెక్నీషియన్ అమ్మాయి ఫోను నంబరు అడుగుతుంది. నంబరు సరిగా రాయించండి. జబ్బు ఖాయం చేసుకోవాల్సిన వాళ్లకు జిల్లా ఆసుపత్రి నుంచి ఫోను వస్తుంది. ఎందుకు రమ్మంటున్నారో ఫోనులో చెప్పకపోయినా ఆ ఫోను ఎత్తండి.